లామా వీపు, శేషాచలం దారి

అలిపిరి నుంచి నడిచి కొండెక్కేవాళ్లలో చాలామంది మొదటి మెట్టుకు పసుపు కుంకుమ పెట్టకముందే ఒక పని చేస్తారు. భుజానున్న బ్యాగుల్ని లగేజీ కౌంటర్‌లో ఇచ్చి చీటీ తీసుకుంటారు. ఆ బ్యాగులు ఘాట్ రోడ్డు మీద బండిలో పైకి వెళ్తాయి. ‘చిన్న సంచే కదా’ అని వెంట తీసుకెళ్లినవాళ్లకు గాలిగోపురం దగ్గరే తెలిసొస్తుంది. కింద మూడు కిలోలున్న సంచి అక్కడికి చేరేసరికి పది కిలోలు తూగుతున్నట్టుంటుంది. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి, అక్కణ్నుంచి నెత్తి మీదకు, చివరికి మోకాళ్ల పర్వతం దగ్గర గుంపులో ఎవరు గట్టిగా ఉంటే వాళ్ల చేతికి మారుతుంది. మొత్తం 3,550 మెట్లు. మోసేవాడికే తెలుసు కావడి బరువు అని మన పెద్దలు ఊరికే అనలేదు.

కొండ దారిలో బరువు ఎవరు మోయాలన్న ప్రశ్న కొండలున్న ప్రతిచోటా ఉంది. జవాబే చోటుకొకటి. హిమాలయాల్లో కంచర గాడిదలు, జడల బర్రెలు. రాజస్థాన్ ఇసుకలో ఒంటె. మన దక్కనులో ఒకప్పుడు పెరిక ఎద్దు. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో లామా. రెండు వైపులా సంచులు కట్టుకుని, చెవులు నిక్కబొడుచుకుని, మనుషుల వెనకాల వరసగా నడిచే లామాల వీడియోలు ఇప్పుడు అందరి ఫోన్లలోకీ వస్తున్నాయి. చూసినవాళ్లకు వచ్చే ఆలోచన కూడా ఒకటే: వీటిని శేషాచలం అడవిలోని తలకోనకో, తుంబురు తీర్థం దారికో తెస్తే ఎంత బాగుంటుంది! ఆలోచన తప్పేమీ కాదు. అయితే జవాబు దొరకాలంటే లామా ఒంటిని, అది పుట్టిన కొండను, మన కొండను పక్కపక్కన పెట్టి చూడాలి.

ఒంటెకు దూరపు చుట్టం

లామా పేరు వినగానే టిబెట్ బౌద్ధ గురువులు గుర్తొస్తారు గానీ రెంటికీ సంబంధం లేదు. ఇది ఒంటె కుటుంబానికి చెందిన జంతువు, మూపురం మాత్రం ఉండదు. ఈ కుటుంబం మొదట పుట్టింది ఉత్తర అమెరికాలో. అక్కడి నుంచి ఒక శాఖ ఆసియా వైపు వెళ్లి ఒంటెలైంది. ఇంకో శాఖ సుమారు 30 లక్షల ఏళ్ల కిందట దక్షిణ అమెరికాకు దిగింది. పుట్టిన చోట మాత్రం ఆ జాతి మంచుయుగం చివర్లో అంతరించిపోయింది. దక్షిణాదికి చేరినవాటిలో గ్వనాకో అనే అడవి జంతువును ఆండీస్ ప్రజలు మచ్చిక చేసుకుంటూ వచ్చారు. అలా సుమారు 6,000 ఏళ్ల కిందట లామా తయారైంది. దాని చెల్లెలి వరసైన అల్పాకాను ఉన్ని కోసం పెంచారు, లామాను మోతకు.

పెద్ద లామా 130 నుంచి 200 కిలోల బరువుంటుంది. చిత్తూరు జిల్లా వాళ్లకు సులభంగా చెప్పాలంటే, బరువులో దాదాపు మన పుంగనూరు ఆవంత. కాళ్లు మాత్రం బాగా పొడవు. భుజం దగ్గర మూడున్నర అడుగులకు పైగా ఉంటుంది, మెడ ఎత్తి నిలబడితే మనిషంత ఉంటుంది. నెమరు వేస్తుంది, అయితే ఆవుకున్నట్టు పొట్టలో నాలుగు అరలుండవు, మూడే. గర్భం దాదాపు పదకొండున్నర నెలలు, ఈతకు ఒక్కటే పిల్ల. ఇరవై ఏళ్ల దాకా బతుకుతుంది. మంద మొత్తం ఒకేచోట పేడ వేసే అలవాటుంది కాబట్టి విడిది చేసిన చోట శుభ్రం చేయడం తేలిక.

పనికి అసలు ఆధారం దాని పాదం. గుర్రానికి, గాడిదకు కాలి చివర గట్టి గిట్ట ఉంటుంది. లామాకు రెండు వేళ్లు, వాటి కింద తోలులాంటి మెత్తని అరికాలు, ముందు చిన్న గోళ్లు. రాయి మీద ఆ అరికాలు పరుచుకుని పట్టు దొరికించుకుంటుంది. మెత్తని మట్టిలో దిగబడి గుంట చేయదు. ఇది మాటవరసకు చెప్పేది కాదు. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో నడకదారుల మీద గుర్రాలను, లామాలను, మనుషులను విడివిడిగా నడిపించి మట్టి ఎంత కదులుతుందో కొలిచారు. 1998లో వచ్చిన ఆ పరిశోధనలో గుర్రాలు నడిచిన దారిలో మట్టి బాగా ఎక్కువగా కొట్టుకుపోయింది. లామాలు నడిచిన దారికి, మనుషులు నడిచిన దారికి పెద్ద తేడా లేదు.

రెండో ఆధారం నెత్తురు. ఆండీస్‌లో లామాలు తిరిగే గడ్డి మైదానాలు నాలుగు వేల మీటర్ల ఎత్తు దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటాయి. అక్కడ గాలి పలచన. కింది నుంచి వెళ్లిన మనిషికి పది అడుగులకే ఆయాసం వస్తుంది. లామా ఎర్ర రక్తకణాలు మనవాటిలా గుండ్రంగా కాకుండా కోలగా ఉంటాయి, వాటిలోని హిమోగ్లోబిన్ పలచని గాలిలోంచి కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటుంది. ఇది అద్భుతమైన ఏర్పాటే. కానీ తిరుమల ఎత్తు సుమారు 850 మీటర్లు. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ అయినా 1,265 మీటర్లే. లామాకున్న ఈ గొప్ప బలం మన కొండల మీద దాదాపు అక్కరే లేదు. దాన్ని ఇక్కడికి తేవాలనుకునేవాళ్లు మొదట గమనించాల్సింది ఇదే.

మెట్ల దారులు వాళ్లకూ ఉన్నాయి

మెట్లున్న దారి మీద ఏ జంతువు నడుస్తుంది అని తిరుపతి వాళ్లు అడగడం సహజం. దానికి చరిత్రలో చక్కని జవాబుంది. ఆండీస్‌ను ఒకప్పుడు ఏలిన ‘ఇంకా’ అనేవాళ్ల సామ్రాజ్యంలో సుమారు 30,000 కిలోమీటర్ల దారుల వల ఉండేది. ఖపాక్ ఞాన్ అని పిలిచే ఈ దారులను 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఏటవాలు చోట్లలో ఆ దారులు రాతి మెట్లు. ఇంకాలకు బండి చక్రం వాడకం లేదు, గుర్రం లేదు. వాళ్ల దారి మీద నడిచింది మనిషి, లామా మాత్రమే. అందుకే మెట్ల ఎత్తు, వెడల్పు ఆ రెండు పాదాలకు సరిపోతే చాలనుకున్నారు. 1532లో స్పెయిన్ సైనికులు గుర్రాలతో వచ్చినప్పుడు అవే మెట్లు వాళ్లకు పెద్ద ఇబ్బందయ్యాయి.

దారిని చూసి జంతువును ఎంచుకోవడం ఒక పద్ధతి, జంతువును చూసి దారి వేయడం ఇంకో పద్ధతి. ఇంకాలు రెండూ కలిపి చేశారు. మన అలిపిరి మెట్లు, శ్రీవారి మెట్టు మనిషి పాదానికి వేసినవి. 1944లో మొదటి ఘాట్ రోడ్డు వచ్చేదాకా నడవలేనివాళ్లను డోలీల్లో మనుషులే మోశారు. డోలీ కర్ర కింద కాయ కట్టిన భుజాలే మన కొండకు తెలిసిన మోత. రోడ్డు వచ్చాక ఆ అవసరం తగ్గిపోయింది.

ఆండీస్‌లో లామా బిడారు నడిచే తీరు దగ్గర్నుంచి చూస్తే చాలా విషయాలు తెలుస్తాయి. బిడారులో ఉండేవి విత్తు కొట్టిన మగవి. ఆడవాటిని మందలో పిల్లల కోసం వదిలేస్తారు. ముందు నడిచే లామా మెడలో గంట ఉంటుంది, చెవులకు రంగు ఉన్ని కుచ్చులు కడతారు. మిగతావి దాని వెనక నడుస్తాయి, ఒక్కోదానికి ఒక్కో తాడు అక్కర్లేదు. బరువు పెట్టేది లామా ఉన్నితోనే నేసిన పొడవాటి సంచిలో. దాన్ని నడుం మీద అడ్డంగా వేసి, రెండు కొసలూ రెండు పక్కలకు వచ్చేలా సర్ది, ఉన్ని తాడుతో పొట్ట కిందుగా బిగిస్తారు. ఉప్పు మైదానాల నుంచి ఉప్పు దిమ్మలు దించి, లోయల్లో మొక్కజొన్నకు మార్చుకుని తిరిగొచ్చేవాళ్లు.

మన పెరిక ఎద్దుల గురించి విన్నవాళ్లకు ఇదంతా కొత్తగా అనిపించదు. పెరిక అంటే ఎద్దు వీపున వేసే గోనె సంచి. కంట్లం అన్నా దాదాపు అదే, రెండు పక్కలా వేలాడే జంట సంచి. లంబాడీలు వందల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దక్కను అంతా తిరిగారు. సైన్యాలకు తిండిగింజలు అందించిందీ వాళ్లే. ముందు ఎద్దుకు గంట, దారి పక్కనే మేత, ఉప్పుకు బదులు గింజలు. వేల మైళ్ల దూరంలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఇద్దరూ ఒకే పద్ధతికి వచ్చారు.

బిడారు రోజుకు నడిచేది పదిహేను ఇరవై కిలోమీటర్లే. ఒక్కో లామా మీద పాతిక నుంచి ముప్ఫై అయిదు కిలోలు. మధ్యాహ్నం దాటగానే ఆగిపోతారు, ఎందుకంటే వాటికి విడిగా దాణా పెట్టరు. పొద్దుగూకేలోపు అవి మేయాలి, రాత్రి నెమరు వేయాలి. మేతకు టైమివ్వకుండా నడిపిస్తే మూడో రోజుకు మంద నీరసపడిపోతుంది.

బరువు ఎక్కించడం ఒక విద్య

ఇప్పుడు అమెరికా, యూరప్ నడకదారుల్లో లామాను వాడేవాళ్లు పాటించే లెక్క, దాని ఒంటి బరువులో నాలుగో వంతు. దారి తేలికైతే, జంతువు బాగా అలవాటుపడి ఉంటే కొంచెం ఎక్కువ. నూట యాభై కిలోల లామా అయితే ముప్ఫై ఏడు కిలోలు. అంటే ఇద్దరు మనుషుల టెంటు, పడకలు, మూడు రోజుల తిండి. మనిషి ఎక్కి కూర్చోవడానికి అది పనికిరాదు. వెన్ను అందుకు తగినట్టు ఉండదు. పిల్లల్ని ఎక్కించి ఫొటో తీసుకోవాలనే కోరిక మన దగ్గర ఎంత బలంగా ఉంటుందో తెలిసిందే కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పాలి.

ఎక్కించేటప్పుడు చూడాల్సింది మొత్తం బరువు ఒక్కటే కాదు, రెండు పక్కలా సమానంగా ఉండటం కూడా. అనుభవమున్నవాళ్లు ప్రతి సంచినీ స్ప్రింగ్ త్రాసుకు తగిలించి తూస్తారు. రెండింటికీ అరకిలోకు మించి తేడా ఉంటే ఒక సంచిలోంచి బియ్యం పొట్లమో, నీళ్ల సీసానో తీసి రెండోదానిలో వేస్తారు. తేడా ఉంటే గంత, అంటే సంచులు కట్టేందుకు వీపున వేసే మెత్త, గంట నడిచేసరికి ఒక పక్కకు జారుతుంది. జారిన గంత చర్మాన్ని ఒరుస్తుంది. సాయంత్రం గంత తీసి చేత్తో వీపంతా తడిమి చూస్తే, ఒరిసిన చోట వేడిగా తగులుతుంది, ఉన్ని అక్కడ చెమ్మగా నలిగి ఉంటుంది. ఆ వేడి తగిలినప్పుడే మర్నాడు దానికి సెలవిస్తే సరిపోతుంది. చూడకుండా వదిలేస్తే పుండవుతుంది, నెల పోతుంది. మంచి గంత వెన్నుపూస మీద ఆనదు. వెన్నుకు అటూ ఇటూ ఉన్న కండ మీద కూర్చుంటుంది, నడుమ గాలి ఆడుతుంది. ఎక్కుడులో వెనక్కి జారకుండా ఛాతీకి పట్టీ, దిగుడులో ముందుకు రాకుండా తోక కింద పట్టీ ఉంటాయి.

బరువు మితిమీరితే లామా కూర్చుంటుంది. కాళ్లు మడిచి నేల మీద బైఠాయించి, బతిమాలినా, లాగినా లేవదు. ఇంకా విసిగిస్తే పొట్టలోని పసరు ఉమ్ముతుంది. చూసేవాళ్లు దీన్ని మొండితనం అంటారు. నిజానికి ఆ జంతువు చేతిలో ఉన్న త్రాసు అదే. రెండు కిలోలు తీసేస్తే చాలాసార్లు తనంతట తనే లేచి నడుస్తుంది.

మూడేళ్లు నిండనిదే మోత మొదలుపెట్టరు. అప్పుడూ ఖాళీ గంతతో, తర్వాత తేలిక సంచులతో. నాలుగేళ్లు దాటాకే పూర్తి బరువు. అప్పటిదాకా ఎముకలు ఎదుగుతూ ఉంటాయి. ఇంకో జాగ్రత్త ఉంది. పుట్టిన మగపిల్లను తల్లి నుంచి, మంద నుంచి విడదీసి పాలసీసాతో ముద్దుగా పెంచితే, పెద్దయ్యాక అది మనుషుల్నే తన జాతివాళ్లు అనుకుంటుంది. సాటి మగదాని మీద పోటీకి దిగినట్టు మనిషి మీదకు దూకుతుంది. నూట యాభై కిలోల జంతువు ఛాతీతో గుద్దితే ఎముకలు విరుగుతాయి. రిసార్టుల్లో, పెంపుడు జంతువుల పార్కుల్లో ఒక్క పిల్లను తెచ్చి అందరిచేతా నిమిరించడం ఎందుకు తప్పో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు. లామాకు తోడుగా ఇంకో లామా ఉండాలి. ఒంటరిగా ఉంచితే దిగాలుపడుతుంది.

ఇన్ని షరతులూ కుదిరిన చోట అది ఎంత చక్కగా పనిచేస్తుందో అమెరికాలోని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో చూడొచ్చు. అక్కడ లెకాంట్ అనే రెండు వేల మీటర్ల శిఖరం దగ్గర ఒక విడిది ఉంది. దానికి రోడ్డు లేదు. లామాలు ఎక్కే దారి పదికి పైగా కిలోమీటర్లు. వంట గ్యాసు లాంటి పెద్ద బరువుల్ని ఏడాదికోసారి హెలికాప్టర్‌లో దించుతారు. కూరగాయలు, ఉతికిన దుప్పట్లు లాంటివి మాత్రం 1986 నుంచి లామాలే చేరుస్తున్నాయి, సీజన్‌లో వారానికి మూడుసార్లు. అంతకు ముందు ఆ పని గుర్రాలు చేసేవి, దారి బాగా దెబ్బతింటోందని మార్చారు. దిగేటప్పుడు ఆ సంచుల్లోనే మాసిన బట్టలు, చెత్త కిందికి వస్తాయి. పైన ఉన్న కాసేపట్లో వాటికి పొద్దున మిగిలిన పాన్‌కేకులు పెడతారు, మన దోసెల్లాంటివి. అవి ఎంత ఇష్టంగా తింటాయో చూడ్డానికే కొందరు ఆ రోజుల్లో ఎక్కుతారు.

మన ఎండ, మన చెమట, మన చిరుత

ఇక శేషాచలం వైపు వద్దాం. మొదటి అడ్డంకి వేడి. లామా ఉన్ని చలికి పుట్టింది. వేడిని అది బయటికి పంపేది పొట్ట కింద, చంకల్లో, తొడల లోపల వెంట్రుకలు పలచగా ఉన్న చోట్ల నుంచి. అందుకే ఎండకు డీలాపడిన లామాకు వీపు మీద నీళ్లు పోయకూడదు. తడిసిన ఉన్ని వేడిని లోపలే బంధిస్తుంది. కాళ్లు, పొట్ట తడపాలి.

అమెరికాలో లామాల్ని పెంచేవాళ్లు ఒక సులువైన లెక్క వాడతారు. ఫారన్‌హీట్ డిగ్రీల్లో ఉష్ణోగ్రతను, గాలిలో తేమ శాతాన్ని కూడాలి. మొత్తం 150 దాటితే జాగ్రత్త, 180కి దగ్గరైతే ప్రాణం మీదికి వస్తుంది. దీన్ని తిరుపతికి అన్వయించి చూడొచ్చు. మే నెలలో జల్లు పడి ఉక్కపోసే సాయంత్రం, ముప్ఫై ఎనిమిది డిగ్రీలు అంటే ఫారన్‌హీట్‌లో 100, తేమ 60 అనుకుంటే మొత్తం 160. సెప్టెంబరులో ముప్ఫై నాలుగు డిగ్రీలు, తేమ 75 ఉన్న రోజు 168. అక్టోబరు వానల్లో ముప్ఫై డిగ్రీలే ఉన్నా తేమ 90కి చేరితే 176. డిసెంబరు తెల్లవారుజామున తిరుమల కొండ మీద పద్దెనిమిది డిగ్రీలు, తేమ 80 అయితే 144. అంటే చలికాలంలో, అదీ కొండ మీద మాత్రమే దానికి ఊపిరాడుతుంది. మిగతా ఏడాదంతా ఫ్యాన్ల కింద, నీడన ఉంచి మేపాలి. పనికోసం తెచ్చిన జంతువుకు మనమే పనిచేయాల్సి వస్తుంది.

రెండోది చిరుత. లామాకు కాపలా జంతువుగా కూడా పేరుంది. అమెరికాలో గొర్రెల మందలో ఒక్క విత్తు కొట్టిన మగ లామాను వదిలితే అది గొర్రెల్నే తన మంద అనుకుంటుంది, కయోటీ అనే తోడేలు జాతి జంతువు వస్తే అరుస్తూ ఎదురువెళ్లి తరుముతుంది. అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయం వాళ్లు 1990ల మొదట్లో చేసిన అధ్యయనంలో, లామా వచ్చాక గొర్రెల నష్టం ఏటా మందలో 21 శాతం నుంచి 7 శాతానికి తగ్గినట్టు పెంపకందార్లు చెప్పారు. చిత్తూరు, పలమనేరు వైపు గొర్రెల కాపర్లకు ఇది వినసొంపుగానే ఉంటుంది. అయితే కయోటీ పదిహేను కిలోల జంతువు. చిరుత యాభై కిలోలు, అదీ చాటుగా వచ్చి మెడ పట్టేది. ఆండీస్‌లో లామా జాతిని వేటాడేది ప్యూమా, అది చిరుతలాంటి పిల్లి జాతే. దాని ముందు లామా కాపలాదారు కాదు, ఆహారం. గుంపుగా వచ్చిన కుక్కల ముందు కూడా అంతే.

మన అడవిలో ఇది ఊహించి చెప్పే భయం కాదు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత బారిన పడి చనిపోయింది. ఆ తర్వాత భక్తుల్ని గుంపులుగా పంపారు, చేతికి కర్రలిచ్చారు, బోనులు పెట్టి చిరుతల్ని పట్టారు. ఆ బాధ ఇంకా ఆరని దారిలో, చిరుతకు సులభంగా దొరికే కొత్త జంతువును కట్టేయడం అంటే దాన్ని మనుషుల దారి దగ్గరికి పిలవడమే.

మూడోది రోగాలు. గాలికుంటు, నీలి నాలుక లాంటి మన పశువుల, గొర్రెల జబ్బులు లామాకూ తగులుకుంటాయి. తిరిగి అటు నుంచి అడవి జంతువులకు ఏం అంటుతుందోనన్న అనుమానం కూడా ఉంది. కొండగొర్రెలున్న కొన్ని చోట్ల అమెరికా వన్యప్రాణి అధికారులు లామాల్ని రానివ్వకపోవడానికి ఇదే కారణం. మన చట్టంలో కూడా అభయారణ్యానికి అయిదు కిలోమీటర్లలోపు పశువులకు టీకాలు వేయించాలని వన్యప్రాణి సంరక్షణ చట్టం 33ఎ సెక్షన్ చెబుతుంది. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, అందులో శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. బయటి దేశం నుంచి జంతువును తేవాలంటే కేంద్ర పశుసంవర్ధక శాఖ పర్మిట్, క్వారంటైన్ తప్పనిసరి. మనకు దగ్గరి క్వారంటైన్ కేంద్రం చెన్నైలో ఉంది. ఇంతా చేసి తెచ్చినా, జబ్బు చేస్తే లామా నాడి తెలిసిన డాక్టరు కావాలి. తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది, నిజమే. కానీ ఒక జాతి జంతువుకు వైద్యం చేసే చేయి తిరగాలంటే ఆ జంతువులు వందల్లో కళ్లముందు తిరగాలి.

పక్కనే ఉన్న వీపు

ఆండీస్‌లో జరిగిన ఒక మార్పు ఇక్కడ చెప్పుకోవాలి. స్పెయిన్ వాళ్లు వచ్చాక ఆ కొండల్లోకి గాడిద వచ్చింది. 1545లో పొటోసి దగ్గర వెండి గనులు బయటపడ్డాక మొదట్లో ఖనిజం మోసింది లామాలే, వేలకొద్దీ. తర్వాత తర్వాత గాడిదలు, కంచర గాడిదలు ఆ పనిలో చాలా భాగం తీసుకున్నాయి, ఎక్కువ బరువు మోస్తాయి కాబట్టి. లామా పుట్టిన గడ్డ మీదే గాడిద దాని పక్కన నిలబడింది.

మన దగ్గర ఆ గాడిద ఎప్పటి నుంచో ఉంది. రజకుల ఇళ్ల ముందు, ఇటుక బట్టీల దగ్గర, ఇసుక రేవుల్లో. ఆఫ్రికా ఎండల్లో పుట్టిన జంతువు కాబట్టి వేడి దానికి కొత్త కాదు. ఒంట్లో నీరు బాగా తగ్గినా తట్టుకుని, నీళ్లు దొరకగానే కొద్ది నిమిషాల్లో తాగి తేరుకుంటుంది. మోటు మేతతో సరిపెట్టుకుంటుంది. దాని మందు, దాని జబ్బు, దాని అలవాటు తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అయినా 2012 పశుగణనలో దేశంలో 3.2 లక్షలున్న గాడిదలు 2019 నాటికి 1.2 లక్షలకు పడిపోయాయి. చదువురాని పిల్లవాణ్ని తిట్టడానికి వాడే పేరు తప్ప ఆ జంతువు గురించి ఎవరూ ఆలోచించలేదు. లామా వీడియో చూసి మురిసే కళ్లు పక్క వీధిలో పుండు పడిన వీపుతో నిలబడ్డ గాడిదను చూడకపోవడం నిజంగా బాధ కలిగించే విషయం.

గాడిదకూ లామాకూ ఒక తేడా మాత్రం ఉంది. లామా బరువెక్కువైతే కూర్చుని చెబుతుంది. గాడిద నొప్పి బయటపెట్టదు. చెవులు కొంచెం వెనక్కి వాలుతాయి, తల కిందికి దిగుతుంది, అంతే. అందుకే దాని తరఫున చట్టం మాట్లాడాల్సి వచ్చింది. బరువులు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1965లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం గాడిద మీద 50 కిలోలకు మించకూడదు, పొట్టి గుర్రం మీద 70, కంచర గాడిద మీద 200. రోజుకు తొమ్మిది గంటలకు మించి పనిచేయించకూడదు, ఆగకుండా అయిదు గంటలకు మించి నడిపించకూడదు. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా పని ఆపేయాలి. తిరుపతిలో వేసవి అంతా ఈ చివరి నిబంధన వర్తిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఇటుకల బస్తాలతో గాడిద కనబడితే అది చట్టం ఉల్లంఘనే. కేదార్‌నాథ్ దారిలో 2022 యాత్ర మొదలైన కొన్ని వారాల్లోనే పదుల సంఖ్యలో కంచర గాడిదలు, గుర్రాలు చనిపోయాయి. తగినంత విశ్రాంతి, నీళ్లు లేకుండా వాటిని తిప్పారని అప్పుడే విమర్శలు వచ్చాయి. ఒక దారి మీద జంతువుల్ని వాడటం మొదలుపెట్టి లెక్క పెట్టేవాళ్లు లేకపోతే ఏమవుతుందో ఆ దారి చూపించింది.

అసలు శేషాచలంలో జంతువు మోత ఎక్కడ అవసరం? తిరుమలకు రోడ్డుంది, మెట్ల మీద రద్దీ ఉంటుంది, అక్కడ అవసరం లేదు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారి దెబ్బతిని నెలల తరబడి మూతపడింది కూడా. అలాంటి దారుల మీద ఇంకా ఒత్తిడి పెట్టకూడదు. తీర్థ ముక్కోటి రోజుల సంగతి వేరు. ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థానికి, పుష్యంలో రామకృష్ణ తీర్థానికి వేలమంది అడవిలో నడిచి వెళ్తారు. బండి వెళ్లని ఆ దారిలో నీళ్లు, ప్రసాదం, మందులు మనుషులే మోయాలి. అయిదు వందల లీటర్ల నీళ్లంటే అయిదు వందల కిలోలు. మనిషికి ఇరవై కిలోల చొప్పున పాతిక మంది. లామాలైతే ముప్ఫై అయిదు కిలోల చొప్పున పదిహేను. గాడిదలకు చట్టం చెప్పిన 50 ప్రకారం పది చాలు. ఎక్కుడు దారి కాబట్టి నలభై కంటే ఎక్కించకూడదనుకుంటే పదమూడు. రెండు మూడు జంతువులకు ఒక మనిషి తోడుండాలి. బండరాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కాల్సిన చోటికి ముందే వాటిని ఆపి బరువు దించాలి, అక్కడి నుంచి మనుషులు అందుకోవాలి. టీకాలు వేయించిన కాగితం అటవీ శాఖ దగ్గర ఉండాలి, పొద్దువాలకముందే అన్నీ అడవి దాటి బయటికి రావాలి.

ఇందులో తేలికగా మొదలుపెట్టగలిగేది దిగుడు ప్రయాణం. ముక్కోటి మర్నాడు దారి పొడవునా బిస్కెట్ కవర్లు, ఖాళీ డబ్బాలు, ఆకు ప్లేట్లు మిగులుతాయి. బరువు తక్కువ, సంచులు మాత్రం పెద్దవి, మనిషి చేతికి చిక్కవు. కంట్లంలా రెండు పక్కలా కట్టిన రెండు గోనె బస్తాల నిండా అలాంటి చెత్త వేసినా పదిహేను కిలోలు దాటదు. ఎండెక్కకముందే బయల్దేరితే, నాలుగైదు గాడిదలతో ఒక్క పూటలో ఒక దారి శుభ్రమవుతుంది. వాటి వెంట నడిచేవాళ్లకు ఆ రోజు కూలి, వాటికి తొట్టి నిండా నీళ్లు, గంత తీశాక వీపు తడిమి చూసే ఒక చేయి ఉంటే చాలు.